కన్నం వెయ్యడానికి వచ్చాను

రెడ్రూత్‌లో ఆ వీధికి మొన్న నవంబరులో
నురగ డబ్బాలతో వెళ్ళినవాణ్ణి నేనే.
లవ్‌డే నాన్‌కారో గారిల్లు, పదకొండో నంబరు.
తలుపు కింద సందులో పోస్టుకార్డు పట్టేది,
కిటికీ చట్రంలో వేలు పట్టేది.
"నా టీ నాకంటే ముందు గాలే తాగేస్తుంది" అందావిడ.
నవ్వి, సందు కనిపించిన చోటల్లా నోరు మూశాను.
అటక మీద ఉన్ని పరుపులు, గోడల నడుమ పూసలు,
పాత పొగగొట్టానికి ఒక బిరడా.
ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఫిబ్రవరిలో ఫోను.
గ్యాసు బిల్లు సగమైందట.
ముందు ఆ మాటే చెప్పింది, మర్యాదస్తురాలు.
తరవాత,
కిటికీలు తెల్లవార్లూ ఏడుస్తున్నాయని,
బీరువా జరిపితే వెనక నల్లటి బూజు
బొగ్గుతో ఎవరో దేశపటం గీసినట్టుందని,
మనవడు జోరీ, ఆరేళ్ళవాడు,
సగం మెట్లెక్కి కూర్చుండిపోతున్నాడని,
గొంతులో పిల్లికూతలని.

వెళ్ళాను. ఇల్లు వెచ్చగా ఉంది, నిజమే.
ఆరేసిన బట్టల తడి, నిన్నటి సూపు, మొన్నటి స్నానం,
కొత్త సోఫా జిగురు వాసన,
అన్నీ అక్కడే, బండి దొరకని చుట్టాల్లా.
పడకగది అలమరలో మాత్రల డబ్బీ అంత నల్ల పెట్టె.
మూడు నెలలుంచి పంపాలట, రాడాన్ లెక్కకి.
"మా తాత తగరం గనిలో దిగి మరీ పీల్చాడు ఈ రాతి ఊపిరి.
మాకైతే అదే పైకొచ్చి..."
కెటిల్ కూసింది. ఆవిరి
ఎటు పోవాలో తెలియక దీపం చుట్టూ తిరిగింది.

"కిటికీ తెరుచుకోవచ్చుగా" అన్నాడు మా సూపర్‌వైజర్.
మీటరు కార్డులో మిగిలిన పౌండ్లు
రోజూ లెక్కపెట్టుకునే ఇంటిని.

వెచ్చదనాన్ని గాలికి వదలకూడదనుకుని
గాలినే గాలికి వదిలేశాం.
నా ఫారంలో డిగ్రీలకి ఒక గడి, పౌండ్లకి ఒక గడి.
పిల్లాడి ఛాతీకి లేదు.

మే నెలలో మళ్ళీ వచ్చాను, డ్రిల్లుతో.
నల్ల పెట్టె జవాబొచ్చింది, మంచిది కాదు.
నేల కింద పంపు వచ్చే వారం.
ఇవాళ వంటింటి గోడకి జానెడు బొక్క.
నా చేత్తో దట్టించిన పూసలే
నా బూట్ల మీద జలజలా రాలాయి.
కన్నం వేసి ఏమీ ఎత్తుకుపోని దొంగని
జోరీ మెట్టు మీంచి చూస్తున్నాడు.

ఫ్యాను బిగించి వాడి చేతికి టిష్యూ కాగితమిచ్చాను.
జాలీకి దగ్గరగా పెట్టాడు.
చటుక్కున అతుక్కుంది.
"లాక్కుంది!" అని అరిచి, దగ్గి, మళ్ళీ పెట్టాడు.

"చలి తిరిగొస్తుందా?" అందావిడ, బూజు తుడిచే గుడ్డ పిండుతూ.
కొంచెం, అన్నాను.
"కొంచెమైతే స్వెట్టరుంది."