బెల్టు మార్చిన తేదీలు

డులూత్‌లో ఈ ఇల్లు కొన్నప్పుడు
కాగితాల్లో ఒక వింత వాక్యం:
బేస్‌మెంట్‌లోని వాషింగ్ మెషీన్ ఇంటితోపాటే.
ఎంత మంచివాళ్లో అనుకున్నాను.
మంచితనం కాదు,
దాన్ని ఆ మెట్లమీంచి పైకి తేగల మొనగాడు
ఈ వీధిలో ఇంకా పుట్టలేదు.

పందొమ్మిదివందల యాభై ఎనిమిది నాటిది.
మీగడ రంగు పింగాణీ ఒళ్లు,
మూత అంచున ఒకచోట పెచ్చు ఊడింది.
తిప్పడానికి ఒకటే చక్రం.
లాగితే మొదలు, నొక్కితే ఆపు.

దాని మీద దుప్పటి కప్పేసి
పక్కన కొత్తది పెట్టించుకున్నాను.
గాజు తలుపు, పదహారు రకాల ఉతుకుడు,
పనైపోతే చిన్న పాట.
ఆస్పత్రి నైట్ డ్యూటీలో
ఎవరి నాడో పట్టుకుని లెక్కపెడుతుంటే
మీ బట్టలు సిద్ధం అంటూ
జేబులో ఫోను గిలిగింత.

మూడేళ్ల రెండు నెలలు నడిచింది.
వారంటీ మూడేళ్లు.
ఆ రెండు నెలలూ నా మీద జాలితో బతికిందేమో.
జనవరిలో, బయట మైనస్ ఇరవై,
సరస్సు మీద మంచు పగులుతున్న చప్పుడు,
కడుపునిండా నీళ్లు మింగి, తలుపు బిగించుకుని,
ఏదో అంకె చూపించి ఊరుకుంది.
గాజు వెనక నా యూనిఫాం
అక్వేరియంలో చచ్చిన చేపలా.

వెర్న్ కోస్కెలా వచ్చాడు,
డెబ్భై నాలుగేళ్లు, బూట్ల మంచు గుమ్మంలోనే దులుపుకుని.
"బోర్డు పోయింది" అన్నాడు
మనిషి పోయినట్టు, గొంతు తగ్గించి.
బేరింగు కూడా అరిగిందట.
బేరింగు మార్చాలంటే డ్రమ్ము విప్పాలి,
డ్రమ్ము విప్పాలంటే అతుకు కొయ్యాలి.
"విప్పకూడదనే చేశారు దీన్ని."

అప్పుడు దుప్పటి వైపు చూశాడు.
"ఎల్సీ హాల్వర్సన్ మెషీన్ ఇంకా ఉందా!"

వెనక రేకుకి నాలుగు స్క్రూలు, అంతే.
ఒక మోటారు, ఒక పంపు, ఒక బెల్టు,
పేరుపెట్టి పిలవగలిగినన్ని పేగులు.
బెల్టు ఎండిన చింతబరికలా పుటుక్కుమంది.
వ్యాను సొరుగులోంచి ఇంకోటి తెచ్చాడు.
పదకొండు డాలర్లు.

రేకు లోపలివైపు పెన్సిల్ రాతలు:
బెల్టు, అక్టోబర్ 66.
పంపు, 71, బయట తుఫాను.
బెల్టు, 83, ఎల్సీ ఆపిల్ పై పెట్టింది.
పై తిన్నది వెర్న్.
ముందు రెండూ వాళ్ల నాన్న చేతిరాత.
ఆ తుఫాను దగ్గర బొటనవేలు కాసేపు ఆపాడు.

పెన్సిల్ నాకిచ్చాడు.
బెల్టు, జనవరి, మైనస్ ఇరవై, అని
తెలుగులో రాశాను.
కళ్లజోడు పైకి నెట్టి చూసి
"ఈ గుండ్రాలన్నీ బెల్టులేనా?" అన్నాడు.

చక్రం లాగాను.
మొదటి నీళ్లు తుప్పు డికాక్షన్.
తర్వాత ధబుక్ ధబుక్,
ఎవరో మోకాళ్లదాకా నీళ్లలో నిలబడి
బండకేసి బాదుతున్నట్టు.
పిండేటప్పుడు పూనకం వచ్చి
జానెడు ముందుకి నడిచింది.
కొత్తదాన్ని ఇద్దరు కుర్రాళ్లు
ఖాళీ అట్టపెట్టెలా ఎత్తుకుపోయారు.

పాత రోత, కొత్త వింత అంటారు మావాళ్లు.
ఆ రోత కూడా చెప్తాను, దాచను.
పచ్చ జాకెట్టు గుండీలు రెండు మింగింది.
పట్టుబట్టని దాని ఛాయలకి రానివ్వను.
ఇక నీళ్లు. కొత్తది బిందెతో సరిపెట్టుకునేదానికి
ఇది బావి అడుగుతుంది.
అనంతపురం వాళ్లెవరైనా చూస్తే ఏడుస్తారు.
నేను అనంతపురం దాన్నే.
ఎదురుగా అంత సరస్సుంది కదా అని
సర్దిచెప్పుకుంటాను. సర్దుకోదు.

అందుకని చివరిసారి జాడించిన నీళ్లు వదలను,
గొట్టం బకెట్టులోకి తిప్పి
బేస్‌మెంట్ మెట్లు కడుగుతాను.
ఏప్రిల్లో పంపు చూడ్డానికొచ్చిన వెర్న్
మొదటి మెట్టు మీదే ఆగిపోయి,
ఒక్క క్షణం ఆలోచించి,
బూట్లు విప్పి చేత్తో పట్టుకుని దిగాడు.