కొట్టివేత

మా కింద ఇంకో డివిజన్ లేదు.
ఆఖరున నిలిచినా ఎవరూ ఎక్కడికీ దిగిపోరు,
మళ్లీ ఏడాది అదే మెట్టు మీద కూర్చుంటారు.
అంతే.

జిల్లా రెండో డివిజన్ ఫుట్‌బాల్ లీగు, ఆరు జట్లు.
కార్యదర్శిని నేను. సున్నం చల్లేదీ నేనే.
బిట్రగుంట రైల్వే గ్రవుండులో ఆదివారం తెల్లారకముందే
చిల్లుల డబ్బా ఊపుకుంటా
మూల నుంచి మూలకి నడుస్తా.
గీత వంకర పోతే డెస్మండ్ దొర నవ్వేవాడు:
"ఏం మస్తానూ, రైలు మలుపా ఇది?"
ఆయన ఈల వేస్తే
ఔటర్లో గూడ్సు బండి ఆగినట్టు ఆగేవోళ్లు ఇరవై రెండు మందీ.

గూడూరు నిమ్మకాయల యార్డు వాళ్లు
బస్తాలు మోసిన భుజాలతో వస్తారు.
విరామంలో నిమ్మచెక్క
కొట్టుకున్నోడికీ, కొట్టించుకున్నోడికీ.
వెంకటగిరి మగ్గాలోళ్లకి
కాళ్లు రెండూ రెండు మాటలు మాట్లాడతాయి,
ఏ కాలు తొక్కుతుందో వాళ్లకే ఎరుక.
సైదాపురం మైకా పిల్లోళ్లు పడి లేస్తే
మోకాలి దెబ్బ కూడా తళుక్కుమంటుంది.

జువ్వలదిన్నె వాళ్ల సంగతి వేరు.
వేట బాగుంటే మనుషులు రారు,
వేట లేకుంటే బస్సు చార్జీ రాదు.
ఒకసారి ఏడుగురే వచ్చి తొంభై నిమిషాలూ నిలబడ్డారు.
పద్నాలుగు గోల్స్ తిని,
"ఎండుచేపలు తెచ్చుండాం, తీసుకోండబ్బయా" అని
గెలిచినోళ్ల చేతికే సంచి ఇచ్చి పోయారు.

వాళ్లలో పామంజి పోలయ్య.
ముప్పై నాలుగేళ్లు. ఫార్వర్డు.
ఐదు సీజన్లు, నా పుస్తకంలో అతని పేరుకెదురుగా
ఐదు సున్నాలు,
వలకి కట్టిన బెండుల మాదిరి వరసగా.

మొన్న కార్తీకంలో, చక్కెర ఫ్యాక్టరీ జట్టు మీద.
మూడు రోజుల ముసురు. గోలు ముందర మడుగు.
బంతి పోయి అందులో కూర్చుంది.
వచ్చినోడు వచ్చినట్టు జారాడు.
నీళ్లలో నిలబడటం తెలిసినోడు ఒక్కడే.
పాదం అడుక్కి పోనిచ్చి తవ్వి ఎత్తాడు:
బంతి, దాంతో పాటు దోసెడు బురద,
రెండూ లోపలికే.
వాడు చేతులెత్తలేదు, అరవలేదు.
నేరుగా వల దగ్గరికి పోయి
కన్నులు తడిమి చూశాడు,
యాడన్నా తెగిందేమోనని.

ఒకటి, సున్నా. నా చేత్తో రాశా.

మాఘంలో ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం.
గానుగ ఆగింది, జీతాల్లేవు,
పిల్లోళ్లు తలో దిక్కు కూలికి పోయినారు,
జట్టు తీసేసుకుంటుండాం, మన్నించాల.
మా రూలు పదిహేడు ఇట్టా ఉంటుంది:
నడిమధ్యలో వదిలేసిన జట్టుతో ఆడిన ఆటలన్నీ
ఆడనట్టే.
ఆ రూలు రాసింది నేనే, ఎనిమిదేళ్ల కిందట,
ఎవరినో చూసి కాపీ కొట్టి.

గూడూరు వాళ్లు ఫోను చేశారు సంబరంగా.
ఫ్యాక్టరీ మీద నాలుగు గోల్స్ తేడాతో ఓడినోళ్లు,
ఇప్పుడు ఓడలేదు కదా.

స్కేలు పెట్టుకున్నా, ఎర్ర పెన్ను తీసుకున్నా.
వాడు కొట్టినదాన్ని నేను కొట్టేయాల.
రెండింటికీ ఒకటే మాట మన తెలుగులో,
సిగ్గు లేకుండా.

ముందు చెప్పొద్దామని జువ్వలదిన్నె పోయా.
ఇసకలో కాళ్లు చాపుకుని, బొటనవేలికి వల తగిలించుకుని
పోలయ్య అల్లుతుండాడు.
చెప్పా. రూలు నంబరుతో సహా చెప్పా.
నూలు పంటితో తెంపి, కాసేపు ఊరుకుని అడిగాడు:
"వాళ్ల కీపరన్నా, ఆ పొడుగాయన,
గోలు పడినాక నా వీపు తట్టినాడే,
ఆయనకి పనేమన్నా దొరికిందంటనా?"

నాకు తెలీదు.
పట్టికలో ఆ గడి లేదు.

వచ్చేటప్పుడు సంచిలో నాలుగు వంజరాలు పెట్టాడు.
వద్దంటే వినలా.

రాత్రి ఆరో సున్నా చుట్టా.
మొదలూ చివరా సరిగ్గా కలవలేదు, సందు మిగిలింది.
కమిటీ అడిగితే
పెన్ను బాగలేదని చెప్తా.

వచ్చే ఆదివారం వాళ్లకి మైకా వాళ్లతో ఉంది.
వేట ఎట్టుందో
శనివారమే కనుక్కోవాల.