లాభం

పాలమూరు పెద్దాసుపత్రి, సీటీ గదిల చలి ఎక్కువ.
బల్ల మీద పండుకోబెట్టంగనే కురుమూర్తి నా మొఖం చూసిండు.
గుర్తుపట్టలే. నేను పట్టిన.
బాదేపల్లి యార్డుల దడువాయి.
మా నాయన పల్లికాయ కుప్ప పక్కన, ఆయన కాంటా ముందట.
తొలి బస్తాకు ఒకటి అనకపోయేది,
లాభం అని పాడినట్టంటే
ఆ తర్వాత రెండు, మూడు.
ఆ ఏడు మాకు మిగిలింది అప్పే,
లెక్క మాత్రం లాభంతోనే మొదలైంది.

తెర మీద తల లోపల
పొట్టు తీసిన పల్లిగింజ లెక్క రెండు బద్దలు.
ఎడమ బద్దల, కణత కింద, నల్లటి మరక.
మాట కూర్చే చోటు అది.
మాట అర్థమయ్యే చోటు ఇంకొంచెం వెనక, చెవి మీద,
అక్కడ మచ్చ లేదు.
అంటే అన్నీ వింటున్నడు,
వరండాల తన గురించి గొంతు తగ్గించి మాట్లాడేది సుత.

మూడో రోజు డాక్టరమ్మ అడిగింది.
పేరు? లాభం.
ఊరు? లాభం.
ఈమె ఎవరు?
కొంచెం ఆగి, మెత్తగ, లాభం.
అలివేలమ్మ నవ్వింది:
"నలభై ఏండ్లల నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు, ఇదే నయం."

ఆమెకు తేడా తెలుస్తది.
తోకెత్తిన లాభం మంచినీళ్లు,
తెగ్గొట్టినట్టున్నది దుప్పటి,
రాత్రి రెండింటికి గోడ దిక్కు తిరిగి అనేదానికి
ఆమె జవాబియ్యదు.

మొన్న ఫిల్ము ఇయ్యవోతే ఫారం నింపుతున్నరు.
పిల్లలెందరు?
"ఇద్దరు" అన్నది అలివేలమ్మ. రాసుకున్నరు.
డాక్టరమ్మ ఆయన్నే లెక్కపెట్టి చెప్పుమన్నది.
లాభం.
చాలాసేపు.
రెండు.
నర్సు చప్పట్లు కొట్టింది.
ఆయన ఆపలే. పనిచేసే ఎడమచెయ్యి
దుప్పటి మీద ఏదో తూచినట్టు లేపి
మూడు.
అక్కడ ఆగిండు.

అలవాటైన వరుస అది, అన్నది డాక్టరమ్మ,
మాటల చోటు చెడినా వేరే తొవ్వల వస్తది,
ఒకసారి కదిలితే ఎక్కడ ఆపాలో తెల్వది.
నిజమే, పుస్తకాలల్ల అట్లనే ఉంటది.
కాని తెల్వనోడు నాలుగు అనాలె, ఐదు అనాలె,
యార్డు మూసేదాక పోతనే ఉండాలె.

అలివేలమ్మ టిఫిను డబ్బ మూత
పెట్టుడు తీసుడు, పెట్టుడు తీసుడు.
"ఫారంల దిద్దుమందునా?" అనడిగిన.
తల అడ్డంగ ఊపింది.
లిఫ్టు దాక నా ఎంబడే వచ్చి
మెల్లగ అన్నది, "పోయింది మొదటిది."

మెట్లు దిగుకుంట
నేను మల్ల మొదటి నుంచి లెక్కపెట్టిన.