గోలీసోడా సీసా, మూడు ఎండుమిరపకాయలు

ఇరవై రెండేళ్లుగా నా పని
గాజు కనపడకుండా చేయడం.
గుంటూరు బ్రాడీపేట, కళ్లజోళ్ల షాపు.
లెన్సు అంచు అరగదీసి, ఫ్రేములో బిగించి,
నోటి ఆవిరి ఊది, మెత్తటి గుడ్డతో తుడిచి
"ఇప్పుడు చూడండి" అంటాను.
వాళ్లు గోడమీది అక్షరాలు చూస్తారు.
అద్దాన్ని చూడరు, నన్నూ చూడరు.
పని బాగా చేసినట్టు లెక్క.

ఆదివారం ఆరాధన అయ్యాక
కొత్తపేటలో మేడ మీద, సిలార్ మాస్టారి గదిలో
అంతా తలకిందులు.
సినిమా హాళ్లకి నలభై అడుగుల మొహాలు వేసిన మనిషి
జానెడు కాన్వాసు నా ముందు పెట్టి,
స్టూలు మీద సగం నీళ్లు పోసిన గోలీసోడా సీసా,
దాని వెనక మూడు ఎండుమిరపకాయలు,
పాత గళ్ల లుంగీ ముక్క.
"వెయ్యి కృపమ్మా."

తెలుపులో పిసరంత నీలం కలిపి
సీసా నిండా పులిమాను.
పాలసీసా అయింది.
ఆయన కత్తి తీసి మొత్తం గీకేశారు.
"దానికి రంగేదీ? వెతికి చూపించు.
సీసా వెయ్యకు. లుంగీ వెయ్యి.
సీసాలోంచి లుంగీ ఏమైపోయిందో అది వెయ్యి."

చూశాను.
సీసా దాకా తిన్నగా వచ్చిన గళ్లు
లోపలికెళ్లి నడుం వంచాయి.
నీటి అంచున ఒక మిరపకాయ తెగి
తొడిమ ఒకచోట, తోక ఒకచోట.
అడుగున గాజు మందమైన చోట
నలుపుకి అటూ ఇటూగా ఆకుపచ్చ.
మెడ నొక్కులో గోలీ, గోలీలో కిటికీ,
కిటికీలో ఎదురింటివాళ్లు ఆరేసిన చీర
ఆకాశంలోకి వేలాడుతూ.
ఇన్ని ఉన్న సీసానా చిన్నప్పుడు
బొటనవేలితో టప్పుమని నొక్కి
గటగటా తాగి తిరిగిచ్చేసింది!

నూనెరంగుకి తొందర లేదు.
వానల్లో మరీను, వారం తర్వాత కూడా వేలికంటుతుంది.
మిర్చి యార్డు వైపు గాలి టర్పెంటైన్‌తో కలిస్తే
తుమ్ము ఆగదు.
ఒకసారి తుమ్ముకి కుంచె పక్కకి పోయింది.
ఆ వంకరే గాజుకి కుదిరింది,
నేను కుదిర్చినవన్నీ గీకాల్సొచ్చింది.

"తెలుపు జీతం డబ్బమ్మా,
ఒకటో తారీఖునే ఖర్చు పెట్టకు."
ఆరు ఆదివారాలు ఆ ట్యూబు మూత తియ్యలేదు.

ఏడోవారం "ఇప్పుడు" అన్నారు.
సీసా భుజం మీద ఒక్క చుక్క,
దట్టంగా, మళ్లీ కదపకుండా.
పెట్టాను.
అప్పటిదాకా మరకల్లా ఉన్నవి
గబుక్కున ఒక సీసాగా లేచి నిలబడ్డాయి.

ఆయన దగ్గరికొచ్చారు.
ఇంకా దగ్గరికి, ముక్కు తగిలేంత.
"పెట్టావా?"
కుడికంట్లో శుక్లం.
ఎండలు తగ్గాక, వానలు వెలిశాక అంటూ
రెండేళ్లుగా వాయిదా వేస్తున్నారు.
"ఎక్కడా?"

చూపుడువేలు పట్టుకుని చూపించాను.
తడిమీద తగిలి
వెలుగు కొంచెం కిందికి జారింది.
"అయ్యయ్యో" అని ఆయన గుడ్డ కోసం తడుముకుంటుంటే
నా చెయ్యి తనంతట తనే లేచింది,
ఇరవై రెండేళ్ల అలవాటు కదా.
పట్టి ఒళ్లో పెట్టుకున్నాను.

సోమవారం షాపులో ఎవరివో కళ్లజోళ్లు.
కుడి అద్దం మీద బొటనవేలి ముద్ర.
ట్యూబులైటు కింద కాస్త వంచాను.
సన్నటి జిడ్డు గీతల వెనక
ఆటోలు, కొబ్బరిబోండాల బండి,
ఎవరో రోడ్డు దాటలేక నిలబడి.

"గీత పడిందామ్మా?" అన్నాడాయన.
"లేదండీ" అన్నాను.
గుడ్డ చేతిలోనే ఉంది.