ఒత్తు

నలభై మూడేండ్లకు అక్షరాలు నేర్చిన.
చిలకలగూడ చర్చి వెనక రేకుల షెడ్డు,
మంగళారం, శుక్రారం, రాత్రి ఎనిమిదికి.
ఏడుగురం. అందరం అరచేతులు నల్లబడ్డోళ్లమే.
మా దెబోరమ్మ టీచరు రిటైరైన నర్సు,
సూది గుచ్చినట్టే చెప్తది పాఠం:
ముందు నొప్పి, మాట తర్వాత.

అచ్చులు వచ్చినయి. గుణింతాలు వచ్చినయి.
ఒత్తుల కాడ ఆగిపోయిన.
అక్షరం కింద ఇంకో అక్షరం,
కనబడీ కనబడకుండ వేలాడుతుంటది,
పైదాన్ని బరువు చేస్తది.
"కిందిది వదిలిపెట్టి చదువుతే అర్థమే మారుతది కొడుకా,
కిందికి చూడు" అంటది.

కింద ఏముంటదో నాకు తెల్వదా?
భోలక్‌పూర్‌ల నాది పాత సామాన్ల దుకాణం.
నా తరాజుకు గూడ ఒక ఒత్తుంది.
బాట్ల పల్లెం అడుగున
పగిలిన స్పీకరు నుంచి పీకిన అయస్కాంతం,
దాని బరువే పావుకిలో.
ఉత్త పల్లెం ఎవరి కండ్ల పడకుండ
బాట్లు ఎప్పుడూ దాంట్లనే ఉంచేది.
మా నాయన పెట్టిండు. నేను తీయలే.
పదకొండేండ్లు.

ఆ శుక్రారం వాక్యం నా వంతు.
ఆయన మాటల నిలబడెటోళ్లకు
ఏం దొరుకుతదో ఆడ రాసుంది.
వేలు పెట్టి పోతున్న, చీమ పోయినట్టు.
శిష్యులు దాటిన, ష కింద య మోసుకుంట.
సత్యం దాటిన.
ఆఖరికి ఒక మాట అడ్డం పడ్డది.
స... కింద వ.
త... పక్కన సున్న.
త... కింద ర.
బయట ఎమ్మెంటీఎస్ పోయింది, రేకులు వణికినయి,
నా వేలు ఆడనే.
స్వ. తం. త్రు. లు.

దెబోరమ్మ అద్దాలు తుడుసుకుంది.
నాకు మాత్రం
ఆ స కింద వ, నా పల్లెం కింద బిళ్ల
ఒక్క తీరుగ వేలాడుతున్నట్టు కొట్టింది.
దీన్ని వదిలితే మాట చెడుతది.
దాన్ని వదలకుంటే నేను.

రాత్రి పదింటికి షట్టరు ఎత్తిన.
స్క్రూడ్రైవరుతోని పొడిచిన. రాలే. నూనె పోసిన. రాలే.
మోకాళ్ల మీద వంగిన,
ప్రార్థనకు కాదు, పల్లెం అడుగు అందక.
ఊడినంక బాట్లు తీసి పక్కన పెట్టిన.
రెండు ఉత్త పల్లాలు
ఎదురెదురుగ, ఊగి ఊగి, సమంగ నిలబడ్డయి.
శాన సేపు చూస్కుంట కూసున్న.

సుగుణ లెక్కేసింది: నెలకు నాలుగు వేలు తక్కువ.
"వాక్యం మంచిదే,
పిల్ల ఫీజు ఎవరు కడతరు?"
నా కాడ జవాబు లేకుండె.
ఇప్పటికీ లేదు.

తెల్లారి రహీమా బీకి ఆరు వందలు ఇయ్యబోయిన,
తోపుడుబండి మీద అట్టపెట్టెలు తెచ్చే ముసలామె.
నోట్లు చూసింది, నన్ను చూసింది, తరాజు చూసింది,
పండ్లు లేని నోటితోని నవ్వింది:
"అరే బేటా, నీ తరాజు సంగతి నాకెర్కనే.
అందుకేగద అట్టల మీద నీళ్లు సల్లి తెస్తుంటి!"
ఇద్దరం నవ్వినం. ముందు ఆమె ఆపింది.
ఆరు వందలల్ల మూడే తీసుకుంది,
మిగిలింది నీళ్ల కిందికి పోయిందట.

వారమంత తడి అట్టలే తెచ్చింది.
నేనేమనలే. తూకమేసిన, ఇచ్చిన.
తొమ్మిదో దినం
బండి మలుపు తిరుగుతుంటెనే వినబడ్డది
ఎండిన అట్టల పెళపెళ.

అయస్కాంతం ఇంకా సంచిలనే ఉంది.
అమ్ముతే ఇరవై రూపాయలొస్తయి,
పారేద్దామంటే చెయ్యి రాదు.

నిన్న దెబోరమ్మ కొత్త పేజీ తీసింది.
మొదటి మాటలనే మూడు ఒత్తులు.
నెత్తి గోక్కున్న.
వేలు పెట్టిన,
కింది నుంచి.