మూడక్షరాల మాట

మూడు లాంతర్ల నుంచి కోట వైపు తిరిగే మలుపులో
కొత్త హోటలు గాజు తలుపు పక్కన
అడుగున్నర రేకు మీద
నాను రాయాల్సింది ఏడు మాటలు.

ఓనరు ఫణికుమార్ చీటీ ఇచ్చాడు:
"లుంగీలతో, హవాయి చెప్పులతో, మాసిన బట్టలతో రాకూడదు."
మళ్ళీ లాక్కుని "రాకూడదు" కొట్టేసి
"ప్రవేశం లేదు" అని దిద్దాడు.
మర్యాదగా ఉంటుందట.

"మాసిన అనా బాబూ, మురికి అనా?"
"ఏదైతేనేం, రెండూ మూడక్షరాలేగా."
అక్షరం లెక్కన తీసుకుంటాను నాను,
ఆయన లెక్క ఆయనది.

ఒకటి కాదు బాబూ అనలేదు.
మురికి కాలవలో ఉంటుంది,
దాన్నెవరూ తొడుక్కోరు.
మాసినదంటే పొద్దున్న ఉతికిందే,
మనిషితో పాటు పనిలోకెళ్ళి
మనిషితో పాటు వాలిపోయింది.
తల మాస్తుంది, గడ్డం మాస్తుంది,
ఇంట్లో ఒకరు పోతే పది రోజులు అద్దమే మాస్తుంది.
చెడ్డమాటే రాయాలి గనక
అందులో కాస్త మెత్తనిది రాసీసాను.
ఎర్ర ఎనామెల్, నల్ల నీడ.

రాసీసరికి రెండయింది.
లోపల్నుంచి మసాలా వాసన.
కిరసనాయిలుతో చేతులు కడుక్కుని
గాజు మీద చెయ్యేశాను.

తలుపు దగ్గర కుర్రోడిది నెల్లిమర్ల.
టై కట్టడం ఇవాళే నేర్చుకున్నాడు,
ముడి గొంతు కింద కొబ్బరి పిందెలా ఉంది.
నా చొక్కా చూశాడు.
గంటస్తంభం చేపల కొట్టు ఎరుపు,
బొబ్బిలి రోడ్డు టైర్ల షాపు నీలం,
కంటోన్మెంటు ట్యూషన్ సెంటరు పసుపు,
కాలరు మీద, ఎలక్షన్లో ఓడిపోయి
డబ్బులెగ్గొట్టినాయన ఆకుపచ్చ.
తర్వాత బోర్డు చూశాడు.
"తాతా... నువ్వే రాసినావు గదా."

రాసినోడికి వర్తించదనుకున్నాన్రా అన్నాను.
నవ్వలేదు వాడు. ఉద్యోగం మొదటి రోజు.

ఓనరు బయటికొచ్చాడు. మంచోడే.
"వెనక గుమ్మానికి రా, పొట్లం కట్టిస్తాను."

అప్పుడొచ్చాడు తవిటయ్య,
నార మిల్లులో మొదటి షిఫ్టు దిగి.
రెప్పల మీద పీచు, చెవి వెనక పీచు,
మీసం నెరిసిందో పీచు పట్టిందో తెలీదు.
పుట్టగానే తవుడికి అమ్మి
తిరిగి కొనుక్కుంటే దక్కిన ప్రాణం,
ఆ పేరుకి ఖరీదు గుప్పెడు తవుడు.
జేబులో బోనసు డబ్బులు.
"ఒక్కపాలి ఆ సల్లటి గదిలో కూకోని తిందునని."

కుర్రోడ్ని అడగలేదు.
రాత్రిబడి చదువు, వేలు పెట్టి చదువుతాడు.
లుం... గీ... ల... తో...
అన్నిటి మీదా గాల్లోనే కదిలిన వేలు
చివరి మాట దగ్గర రేకుకి తగిలి అంటుకుపోయింది.

"ఆర్లేదేటి ఇంకా?"
"రాత్రికి గాని ఆరదు."

ఎర్రబడ్డ వేలు చూసుకున్నాడు.
తుడుచుకోడానికి చొక్కా అంతా వెతికాడు.
జేబు మీద తుడవలేదు, నిన్ననే ఉతికిందట.
అంచు మీద తుడవలేదు.
నా వైపు చూశాడు.
"నీ దానికి తుడిచీదునా బావూ?"
"తుడిచీ."

పొట్లం సంగతి మర్చిపోయాం ఇద్దరం.
రోడ్డవతల బండి దగ్గర నిలబడి తిన్నాం,
గుడ్డు రెండోది ఆడు ఇప్పించాడు.
ఏసీ లోపల ఎలగుంటాదని అడిగాడు.
బోర్డు బయటే గదా, నాకేటి తెల్సు అన్నాను.

సాయంత్రం ఫణికుమార్ ఫోను:
"'లే' చెడిపోయింది, ఎవరిదో వేలిముద్ర.
అందులో ఏదో అతుక్కుంది కూడా."
రేపు దిద్దుతానన్నాను.

పదకొండు రోజులైంది,
రోజూ రేపే అంటన్నాను.
నిన్న ఆ దారినెళ్తూ సైకిలు దిగి చూశాను.
రంగు ఆరిపోయింది, ముద్ర గట్టిపడింది.
ఏత్వం కొస దగ్గర గోగునార పోగొకటి,
సగం రంగులో, సగం బయట.
ఎవరో తలుపు తీసినప్పుడల్లా
లోపలి చల్లగాలి తగిలి
కాసేపు కదులుతోంది.