రెండో పెట్టె

మొదటి పెట్టె మంగళవారం వచ్చింది.
సైన్యం వాళ్లు పంపే అట్టపెట్టె.
లోపల మా హన్‌గ్యోల్ విడిచిన బట్టలు, బూట్లు.
మేజోళ్లు కూడా మడతపెట్టి ఉన్నాయి.
ఇంట్లో ఏనాడూ దుప్పటి మడతపెట్టని పిల్లాడు.
ఈ పెట్టె చూసి ఏడవని తల్లి ఉండదంటారు తోంగ్యోంగ్‌లో.
నేను ఏడవలేదు. షెడ్డుకి టైమైపోతోంది.
చొక్కా ఒకసారి వాసన చూసి, మూత వేసి,
ఆల్చిప్పలు ఒలవడానికి పోయాను.

పన్నెండు రోజులకి వాడే వచ్చాడు
ఎవరిదో వదులు ట్రాక్‌సూట్‌లో.
బస్సు మెట్టు మీంచి ముందు కర్ర దిగింది,
తర్వాత గుండు, ఆ తర్వాత వాడు.
ఎడమ కాలి ఎముకలో వెంట్రుకంత చీలిక.
"మూడు నెలలాగి మళ్లీ రమ్మన్నారు" అన్నాడు,
అప్పు తీర్చలేనివాడు వాయిదా అడిగినట్టు.

వీడ్కోలు విందు పెట్టిన మా అన్న ఫోన్ చేశాడు.
"స్నానానికెళ్లాడు" అన్నాను.
మర్నాడూ స్నానమే. ఆ మర్నాడూ.
అన్ని స్నానాలు చేసిన మనిషి ఈ రేవులోనే లేడు.

ఎద్దు ఎముకలు రాత్రంతా మరిగించాను
పులుసు పాలలా తెల్లబడేదాకా.
ఎముకకి ఎముకే సాయం అంటుంది పక్కింటి ఒక్‌బున్ అవ్వ.
వాడు గిన్నె ముందు పెట్టుకుని ఫోన్ చూస్తున్నాడు.
తనతో చేరినవాళ్లు వరసలో నిలబడిన ఫొటో.
వాడు ఉండాల్సిన చోట ఖాళీ లేదు,
దగ్గరికి జరిగి నిలబడ్డారు.
"పోనీలేరా" అనబోయి ఆగాను.
పోలేదు కదా ఏదీ,
ఇక్కడే నా వంటింట్లో కాలు చాపుకుని కూర్చుంది.

ఒక మాట, ఎవరికీ చెప్పనిది.
ఆ కర్ర బస్సు దిగినప్పుడు నా కడుపు చల్లబడింది.
మూడు నెలలు నా వాడు, అనుకున్నాను.
ఆ సంతోషం వాడి కంట పడకుండా
రోజూ రెండుసార్లు మొహం కడుక్కునేదాన్ని.

ఆరో వారం షెడ్డుకి తీసుకుపోయాను.
కూర్చుని చేసే పనే కదా, కిలోల లెక్కన కూలి.
నేను గంటకి నాలుగు.
వాడు సాయంత్రానికి రెండు, అందులో సగం పెంకు ముక్కలు.
ఆడవాళ్లు వాడి గుండు తడిమి
"దీన్నెవరే ఇంత నున్నగా ఒలిచింది!" అన్నారు.
వాడు నవ్వాడు.
నేను తలెత్తలేదు, చూస్తే ఆపేస్తాడని.
కాలు సంగతి ఎవరూ అడగలేదు.
అక్కడ అందరికీ ఏదో ఒకటి వంకరే.
నా బొటనవేలు, ఒక్‌బున్ అవ్వ మోకాలు.
చలి ఎప్పుడు దిగుతుందో
మాకు వార్తలకన్నా ముందు తెలుస్తుంది.

పుట్టినరోజుకి నాచు పులుసు పెట్టాలా వద్దా అని
పొయ్యి దగ్గర నిలబడిపోయాను.
జారుడు వంట అది. పరీక్షల ముందు ముట్టరు మా వైపు.
"వండమ్మా" అన్నాడు వాడే,
"ఇంకెక్కడికి జారతాను?"

మళ్లీ పిలుపొచ్చేసరికి జుట్టు చెవుల మీదికి వచ్చింది.
ఈసారి మంగలి దగ్గరికి పోలేదు.
పేపరు పరిచి నేనే తీశాను, మెషీన్ అరువు తెచ్చి.
"భయంగా ఉందా?"
"కాలికి ఉంది" అన్నాడు, "నాకు కాదు."
మెడ మీద వెంట్రుకలు ఊదాను.
మా అన్న ఫోన్ మోగితే వాడే ఎత్తాడు.

రెండో పెట్టె నిన్న వచ్చింది.
బట్టలు ఎలాగో కుక్కేసి ఉన్నాయి. అందుకు సంతోషం.
బూట్లు తిరగేశాను.
కుడి మడమ అరిగిపోయింది, ఎడమది ఇంకా కొత్తదే.
మూడు నెలలు బరువంతా ఎటు మోశాడో!
షెడ్డుకి నడిచినా, రేవుదాకా పరిగెత్తి చూపించినా,
"చూడమ్మా, ఏం లేదు" అని గెంతినా.
అడుగున చిన్న చీటీ.
"నొప్పి లేదు. నిజంగా."

చీటీని నమ్మాలా, బూటుని నమ్మాలా అని
గడపలోనే కూర్చుండిపోయాను.
షెడ్డు హారన్ మోగింది.
మోగనీ.